పెద్దమనిషికి పరీక్ష

చచ్చిపోయిందనుకున్న ఆబోతు వేలంపాట దొడ్లో నిలబడి తీరిగ్గా నెమరేస్తోంది. కోడెలమ్మ కంచె కడ్డీ పట్టుకుని దాన్నే చూస్తోంది. కిందటి వారం మనం ఆమెను అక్కడే వదిలేసి వచ్చాం.

జరిగిందంతా ఒక్కసారి గుర్తు చేసుకుందాం. కోడెలమ్మకి అసలు పేరు ఒకటుంది గానీ అది కాగితాలకే పరిమితం. కోడెల్ని పెంచే మనిషి కాబట్టి అందరికీ కోడెలమ్మే. తాత మొదలుపెట్టి, తండ్రి కాపాడి, ఆమె చేతికి అప్పగించిన పశువుల జాతి ఒకటుంది. చూడ్డానికి గొప్పగా ఏమీ ఉండవు. నల్లగా, కాస్త పొట్టిగా, నుదుటి మీద అరచెయ్యంత తెల్లమచ్చతో ఉంటాయి. కానీ ఆ జాతి ఆబోతు వల్ల చూడి కట్టిన ఆవుకి పురిటి గండం ఉండదు. దూడ తల చిన్నది, భుజాలు సన్నవి. నిండు చూడితో పడుకున్న ఆవు తెల్లారేసరికి దూడను నాకుతూ కనిపిస్తుంది. ఒక్క ఆవు మీద బతికే ఇంటికి అంతకంటే ఏం కావాలి?

ఆ జాతిలో మిగిలిన ఒకే ఒక్క ఆబోతు పెద్దమనిషి. పిలిస్తే రాదు, తొందరపడదు, ఎవరి జోలికీ పోదు. అందుకే ఆ పేరు. దాన్ని పెద్ద ఫారం నడిపే చైర్మన్ ఒక్క సీజను కోసం అద్దెకి తీసుకెళ్లాడు. కొన్నాళ్లకి కబురొచ్చింది, అంటురోగం తగిలి చచ్చిపోయిందని, అక్కడే పూడ్చేశామని. చూడ్డానికి వెళ్లిన కోడెలమ్మ తమ్ముడు ఏడ్చుకుంటూ తిరిగొచ్చి, గుర్తుకి వేసిన నంబరు పోగుతో సహా కోసిన చెవిని కాగితంలో చుట్టి అక్క చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని దొడ్లోనే ఒక మూల పాతిపెట్టింది. అంతకు ముందు ఏడాది, ఆమె ఆపరేషనై ఆసుపత్రిలో ఉన్నప్పుడు, పెద్దమనిషి వల్ల తమ ఇంటి ముసలావు ఈనిన కోడెదూడ కూడా పుట్టగానే పోయింది. దాన్నీ తమ్ముడే పాతిపెట్టాడు. ఆ రక్తంలో మగపశువు ఇక లేదనుకుని, దానికి దగ్గర పోలికల కోడె ఏదైనా దొరుకుతుందేమోనని ఆశపడి ఇవాళ ఆమె ఈ వేలానికి వచ్చింది.

ఇప్పుడు ఎదురుగా పెద్దమనిషి ఉంది. నుదుటి మీద తెల్లమచ్చ లేదు. చెవికి కొత్త పోగు. కొమ్ముల మొనలు నున్నగా కోసేశారు. కానీ నెమరేసేటప్పుడు కింది దవడ ఎడమవైపుకి జారి, క్షణం ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్లీ కదలడం ప్రపంచంలో ఇంకే పశువుకీ రాదని ఆమెకు తెలుసు.

కంచె తలుపు తీసుకుని లోపలికి నడిచింది.

మైకు పట్టుకుని వేలం నడిపే పాటగాడు అప్పటికి ధర చివరి మెట్టు ఎక్కిస్తున్నాడు. దొడ్డి వెనకాల కొనుగోలుదారు లారీ ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. ఇవాళ ఎక్కితే ఆ లారీ సరిహద్దు దాటి పోతుంది. పాట మధ్యలో ఎవరూ లోపలికి రాకూడదమ్మా అని పాటగాడు మర్యాదగానే చెప్పాడు. ఆమె అతన్ని దాటుకుని, మొదటి వరసలో కుర్చీలో కూర్చున్న చైర్మన్ ముందు ఆగింది.

"నా చేతిలో పెట్టిన చెవి ఎవరిదండీ?"

చైర్మన్ కాలు మీద కాలు తీయకుండానే తలెత్తాడు. "ఏ చెవి అమ్మా?"

"పెద్దమనిషిదని చెప్పి మీ ఫారం వాళ్లు మా తమ్ముడి చేతికిచ్చిన చెవి. వాడికి రెండు చెవులూ ఉన్నాయి, అదిగో. మరి నేను ఏడ్చి పాతిపెట్టింది ఎవరి చెవిని?"

జనం కుర్చీల్లో సర్దుకుని కూర్చున్నారు. పాట కంటే ఇదే బాగున్నట్టుంది వాళ్లకి. చైర్మన్ ఆమెను కూర్చోమన్నాడు, మంచినీళ్లు తెప్పించబోయాడు, చాలా జాలిగా మాట్లాడాడు. పశువుని పోగొట్టుకున్న బాధ ఎలాంటిదో తనకీ తెలుసన్నాడు. నల్ల కోడెలన్నీ ఒకేలా ఉంటాయన్నాడు.

"నల్ల కార్లు కూడా ఒకేలా ఉంటాయి," అంది కోడెలమ్మ. "బయట పది నిలబెట్టి ఉన్నాయి. వేరేవాళ్లది ఎక్కి కూర్చుంటారా మీరు?"

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. చైర్మన్ మొహంలో జాలి కాస్త తగ్గింది.

వేలానికి వచ్చిన ప్రతి పశువునీ పరీక్షించే డాక్టరమ్మ అక్కడే ఉంది. కోడెలమ్మ ఆమెను పిలిచి నుదుటి వెంట్రుకలు విడదీసి చూడమంది. డాక్టరమ్మ ఎవరి వైపూ మొగ్గే మనిషి కాదు. దగ్గరికి వెళ్లి, వేళ్లతో వెంట్రుకలు పాయ తీసి, కుదుళ్లు తెల్లగానే ఉన్నాయని, రంగు వేశారని అందరికీ వినబడేలా చెప్పింది.

చైర్మన్ దానికీ తడుముకోలేదు. అవును, వేయించానన్నాడు. మచ్చలేని నలుపంటే కొనేవాళ్లకి మోజని, అందం కోసం వేయించడం తప్పెలా అవుతుందని అడిగాడు. "నేనూ తలకి రంగు వేసుకుంటానమ్మా. అంతమాత్రాన నేను ఇంకొకణ్ని అయిపోయానా?"

ఈసారి నవ్వు పెద్దగా వచ్చింది. చెవి పోగు సంగతి ఎత్తితే, పాతది ఊడిపోతే కొత్తది వెయ్యమా అన్నాడు. కొమ్ముల మాట ఎత్తితే, పనివాళ్లని పొడుస్తుంటే కోయించమా అన్నాడు. పెద్దమనిషి మనిషిని పొడవడమా? పసిపిల్ల తోక పట్టుకు లాగితే కదలకుండా నిలబడే పశువు మీద ఆ మాట కూడా పడేసరికి కోడెలమ్మకి ఒళ్లు భగ్గుమంది. దొంగతనం ఒక ఎత్తు, దొంగిలించినదాని పరువు తీయడం ఇంకో ఎత్తు.

రక్తం పరీక్షకి పంపితే తేలిపోతుందని డాక్టరమ్మ మెల్లగా అంది. పెద్దమనిషిని కన్న తల్లి చెల్లెలు మీ దొడ్లోనే ఉంది కదా, పోల్చి చెప్పొచ్చంది. కానీ ఫలితం రావడానికి వారాలు పడుతుందని తనే ఒప్పుకుంది. వారాలంటే చైర్మన్‌కి అభ్యంతరం లేదు. ఈలోపు పాట మాత్రం ఆగడానికి వీల్లేదన్నాడు. కొన్నాయన దగ్గరికి వెళ్లి తీరిగ్గా పరీక్ష చేయించుకోమన్నాడు. ఆ కొన్నాయన ఎక్కడుంటాడో, ఏ భాష మాట్లాడతాడో కూడా అక్కడెవరికీ తెలియదు.

"అక్కా," అన్నాడు తమ్ముడు వెనకనుంచి. ఎప్పుడు లోపలికి వచ్చాడో, ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. "పద పోదాం. నలుగురిలో ఎందుకు? పోయినవాడు పోయాడు. నేను కళ్లారా చూశానుగా."

పొద్దున్నుంచీ వాడిది ఇదే వరస. బయల్దేరేటప్పుడు బండి క్లచ్చి బాగాలేదన్నాడు. దారిలో కడుపునొప్పన్నాడు. ఇక్కడికొచ్చాక ఎండ తగులుతుందన్నాడు. అక్క బాధ చూడలేకపోతున్నాడు పాపం అనుకుంది కోడెలమ్మ. తల్లి పోయాక తన చేతుల మీద పెరిగినవాడు. ఆమె వాడి చెయ్యి విడిపించుకుని పెద్దమనిషి వైపు తిరిగి, పేరు పెట్టి పిలిచింది.

పెద్దమనిషి నెమరేస్తూ లారీ వైపు చూసింది.

మళ్లీ పిలిచింది. దాని చెవి మీద ఈగ వాలింది. చెవి ఆడించి ఈగను తోలింది, అంతే.

"అమ్మా, మీవాడికి మీ మీద అలకేమో," అన్నాడు పాటగాడు మైకులోనే. దొడ్డి దొడ్డంతా గొల్లున నవ్వింది. చైర్మన్ కూడా ఈసారి దాచుకోకుండా నవ్వాడు.

కోడెలమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అవి ఏడుపు నీళ్లు కావు. పిలిస్తే రాని పశువని తెలిసీ నలుగురిలో పిలిచింది, తన తెలివికి తనమీదే మండిపోయింది. ఎవడికో సమాధానం చెప్పుకోవాల్సినట్టు ఇక్కడ నిలబడి సాక్ష్యాలు ఏరుకోవాల్సి వచ్చింది. దూడప్పుడు సీసాతో పాలు పట్టింది ఎవరు? గిట్టల్లో పుండు పడితే పక్కన పడుకుంది ఎవరు? ఆ సంగతులన్నీ ఇక్కడ చెప్పినా నవ్వుతారు.

అప్పుడే పాటగాడి మనుషులు లారీ ఎక్కించే సందు తలుపు తీశారు. రెండు వైపులా ఇనప కడ్డీలు, మధ్యలో ఒక పశువు పట్టేంత సన్నటి దారి. అందులోకి వెళ్లిన పశువు ఇటు తిరగడానికి ఉండదు, అటు తిరగడానికి ఉండదు.

కోడెలమ్మ ఆ సందు వైపు చూసింది. చూస్తూనే ఉండిపోయింది.

వాళ్లింటి కొట్టం ఎలాంటిదంటే, చూసినవాళ్లంతా ముందు నవ్వుతారు, తర్వాత అడుగుతారు. పక్కింటి గోడకీ తమ ఇంటి గోడకీ నడుమ మిగిలిన సందులోనే తాత కప్పు వేసి కొట్టం కట్టేశాడు. అంతకంటే స్థలం లేదు. తలతో లోపలికి దూరిన పశువు మళ్లీ బయటికి రావాలంటే వెనక్కి నడవాలి. కంటికి కనబడని దారిలో అంత బరువు వెనక్కి వస్తుంటే మధ్యలో చిక్కిన మనిషి సంగతి ఇక చెప్పక్కర్లేదు. తాత కాలు అలాగే నుజ్జయింది. అప్పట్నుంచి ఆ ఇంట్లో దూడలకి పాలు మరిచేలోపే ఒక విద్య నేర్పుతారు. గుమ్మం దగ్గర ఆగాలి. వెనక్కి తిరగాలి. తోక ముందుగా, మొహం బయటికి పెట్టి, వెనకడుగులు వేసుకుంటూ లోపలికి వెళ్లాలి. బయటికి వచ్చేటప్పుడు ఎదురుగా ఎవరున్నారో చూసుకుంటూ రావాలి.

నేర్పడం అంత తేలికేం కాదు. కుడి చెయ్యి దూడ రొమ్ము మీద ఆనించి నెమ్మదిగా నెట్టాలి. ఒక్క అడుగు వెనక్కి వేస్తే ఎడమ జేబులోంచి ఉప్పుగడ్డ తీసి నాకించాలి. నెట్టే చెయ్యి ఖాళీ ఉండదు కాబట్టి ఉప్పు ఎప్పుడూ ఎడమ జేబులోనే. నెలల తరబడి ఇదే పని. తండ్రి బట్టలన్నీ ఎడమ జేబు దగ్గరే ముందు చిరిగేవి. ఆ విద్య తండ్రి తన ఇద్దరు పిల్లలకీ తప్ప ఎవరికీ నేర్పలేదు. నేర్చుకుంటామని అడిగినవాళ్లూ లేరు.

చైర్మన్ ఫారంలో పశువులకి ఎకరాల కొద్దీ ఆరుబయలు ఉంటుంది. అక్కడ కొట్టమూ లేదు, సందూ లేదు.

"పాట ఆపక్కర్లేదు," అంది కోడెలమ్మ పాటగాడితో. గొంతు ఇప్పుడు మామూలుగానే ఉంది. "ఒక్క పని చేయండి. తాడు తీసేసి వాణ్ని ఆ సందు ముందు వదలండి. ఎవరూ పట్టుకోవద్దు, ఎవరూ అదిలించొద్దు. నేను ఇక్కడే ఉంటాను, నోరు విప్పను. అన్ని పశువుల్లాగే తలతో లోపలికి వెళ్లాడా, ఆ మైకులోనే చైర్మన్ గారికి క్షమాపణ చెప్పి పోతాను. తోకతో వెళ్లాడా, వాడు మావాడు."

"తోకతోనా?" అన్నాడు పాటగాడు.

"తోకతో."

"వద్దక్కా," అన్నాడు తమ్ముడు. "జనం ముందు... వద్దు."

చైర్మన్ మాత్రం సరదాపడ్డాడు. తోకతో నడిచే ఆబోతుని తన ఆయుష్షులో చూడలేదన్నాడు. చూపిస్తే తనే దగ్గరుండి మీ బండి ఎక్కిస్తానన్నాడు. ఆ మాట మైకులో మళ్లీ అనమంది డాక్టరమ్మ. అన్నాడు. మాట న్యాయంగా ఉండాలని ఆమె ముందు వేరే కోడెను ఒకదాన్ని సందు ముందు వదిలించింది. అది బుర్ర వంచుకుని నేరుగా లోపలికి దూరిపోయి అటు చివరనుంచి బయటపడింది.

అటు చివరి తలుపు మళ్లీ మూసి, పెద్దమనిషి తాడు తీశారు.

అది కాసేపు ఉన్నచోటే ఉంది. తర్వాత ఎవరో చెప్పినట్టు కాకుండా, తనకే తోచినట్టు, సందు వైపు నడిచింది. గుమ్మం దగ్గర ఆగింది. కడ్డీ వాసన చూసింది. తల లోపలికి పెట్టింది. ఎవరో "అయిపోయింది" అన్నారు. చైర్మన్ కుర్చీలోంచి లేచి చొక్కా సర్దుకున్నాడు.

పెద్దమనిషి తల బయటికి తీసింది. ముందు కాళ్లు పక్కకి వేసింది. భారీ శరీరాన్ని కొంచెం కొంచెంగా తిప్పి, ఇరుకు వీధిలో బస్సును వెనక్కి తీసే డ్రైవరులా, ఓసారి ఎడమకీ ఓసారి కుడికీ చూసుకుని, తోకను సందులోకి పెట్టింది. ఒక వెనకడుగు. ఇంకొకటి. కడ్డీలకి ఎక్కడా ఒళ్లు తగలకుండా చివరిదాకా వెళ్లి, పిర్రలు అవతలి తలుపుకి ఆనగానే ఆగి, జనం మొహాలకేసి చూస్తూ నెమరు మొదలుపెట్టింది. దవడ ఎడమవైపుకి జారింది. ఆగింది. మళ్లీ కదిలింది.

పాటగాడు మైకు కిందికి దించేశాడు.

"ఇప్పుడు నవ్వండి," అంది కోడెలమ్మ.

ఎవరూ నవ్వలేదు. ఇందాకటి వెనక వరసవాళ్లే ముందుగా లేచారు. సిగ్గులేదా అని ఒకడు, చచ్చిందని చెప్పి అమ్ముకుంటావా అని ఇంకొకడు చైర్మన్ మీదికి మాటలు విసిరారు. కాకతాళీయమని, ఎవరో నేర్పి ఉంటారని చైర్మన్ ఏదో అనబోయాడు. ఎవరు నేర్పారో చెప్పమని డాక్టరమ్మ అడిగింది. రక్తం ఫలితం వచ్చేదాకా పాట ఆపాలని, ఆబోతు కోడెలమ్మ దొడ్లో ఉంటుందని, తను రాసి సంతకం పెడతానని చెప్పింది. లారీ ఇంజను ఆగిపోయింది. కోడెలమ్మ వెళ్లి కడ్డీల మధ్యలోంచి చెయ్యి పెట్టి పెద్దమనిషి గంగడోలు నిమిరింది. అది పట్టించుకోలేదు. అంత హాయి కలిగి ఆమెకి ఎన్నాళ్లయిందో.

ఒక్కటే మనసుకి తగులుతోంది. చైర్మన్ ఆమెను చూడడం లేదు. ఓడిపోయినవాడు గెలిచినవాళ్లనే చూస్తాడు, కోపంగానైనా. ఇతను ఆమె భుజం మీదుగా వెనక గుంపులో ఎవరినో చూస్తున్నాడు. మోసపోయిన మనిషి చూసినట్టు చూస్తున్నాడు.

పాట ఆగిందని వెనక తలుపు దగ్గరివాళ్లకి ఎవరూ చెప్పలేదు. వాళ్లు తర్వాతి పశువుని లోపలికి వదిలారు.

ఏడాది దాటిన కోడెదూడ. నల్లగా, పొట్టిగా ఉంది. దానికి రంగు వేయాలని ఎవరికీ తోచినట్టు లేదు. నుదుటి మీద అరచెయ్యంత తెల్లమచ్చ తళతళలాడుతోంది. అది దొడ్డంతా గెంతి, సందు కనబడగానే బుద్ధిగా గుమ్మం దగ్గర ఆగింది. గిరుక్కున వెనక్కి తిరిగింది. తోక ముందుగా లోపలికి నడుచుకుంటూ వెళ్లి, పెద్దమనిషి ముట్టెకి పిర్రలు తగిలాక ఆగింది. జనం పకపకా నవ్వారు.

కోడెలమ్మ నవ్వలేదు. పుట్టగానే పోయిన దూడ. తను ఆసుపత్రిలో ఉన్నప్పుడు పాతిపెట్టిన దూడ. పుట్టుకతో ఏ దూడకీ రాని విద్య. నెలల తరబడి రొమ్ము మీద చెయ్యి పెట్టి నెట్టకపోతే రాని విద్య.

చెప్పిన పని చేశాను కదా అన్నట్టు దూడ చుట్టూ చూసింది. దాని కూలి దానికి రావాలి. సందులోంచి బయటికొచ్చి, కోడెలమ్మను దాటుకుని, డాక్టరమ్మను దాటుకుని, గుంపులో వెనక్కి వెనక్కి తగ్గుతున్న తమ్ముడి దగ్గరికి తిన్నగా వెళ్లింది. తోక ఆడిస్తూ ముట్టెను వాడి ఎడమ జేబులోకి దూర్చింది.

కోడెలమ్మ మెల్లగా నడిచి వచ్చి వాడి ఎదురుగా నిలబడింది.

"తమ్ముడూ, ఆ జేబులో ఏముందిరా?"

వాడి చెయ్యి దానంతటదే వెళ్లి జేబును కప్పుకుంది. దూడ ఆ వేళ్లను నాకడం మొదలుపెట్టింది.